కాబోలు అనే ఆకాశం

పునర్వసు కార్తె. మధ్యాహ్నమంతా దంచికొట్టిన వాన నాలుగింటికి తెరిపిచ్చింది. భద్రాచలం కరకట్ట మీద నేల ఇంకా తడిగానే ఉంది. గోదావరి ఎర్రగా, నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. అవతలి ఒడ్డున, నైరుతి దిక్కుగా, మబ్బులు విచ్చుకున్నాయి. సందుల్లోంచి ఎండ కుడివైపు నుంచి ఏటవాలుగా దిగుతోంది. ఆ వెలుగులోకి ఒక మబ్బు వచ్చింది. వచ్చినప్పుడు దానికి ఏ ఆకారమూ లేదు, దులిపి పోసిన దూది కుప్ప, అంతే. చూస్తూ ఉండగా దాని కుడి అంచు సాగింది. ఇంకా సాగి, చివర ఈకల్లా చీలింది. ఎడమ పక్క మాత్రం కురచగా, ఎవరో నరికినట్టు ఆగిపోయింది. నడుమ మెడ ఒకటి కిందికి వాలింది.

నా పక్కనే మొక్కజొన్న కంకులు కాల్చే ఆమె విసనకర్ర ఆపింది. "జటాయువు," అన్నది. నాతో అన్న మాట కాదది, తనలో తాను అనుకున్నది పైకి వినిపించింది.

ఒక రెక్క తెగిన పక్షికి ఇంకో ఊళ్ళో ఏ పేరు పెట్టేవారో నాకు తెలియదు. ఇక్కడ మాత్రం ఇంకో పేరు లేదు. పక్కనే ఎటపాక ఉంది. జటాయుపాకే జనం నోట నలిగి అలా అయిందని చెబుతారు. సీతమ్మను ఎత్తుకుపోతున్న రథానికి అడ్డుపడి ఆ ముసలి పక్షి పోరాడింది ఈ చుట్టుపక్కలేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఆమె పైకి చూసింది, తెలిసిన బంధువును గుర్తుపట్టినట్టు గుర్తుపట్టింది, మళ్ళీ కంకి తిప్పుకుంది.

ఈ నేల మీద కన్ను ఊరికే ఉండలేదు. ఖమ్మం నుంచే ఆ అలవాటు మొదలవుతుంది. ఊరి పేరు స్తంభాద్రి నుంచి వచ్చిందంటారు. నరసింహస్వామి గుట్ట మీది రాతిలో ఒకప్పటి కన్ను స్తంభాన్ని చూసింది. భద్రాచలం చేరితే కొండే మనిషి. మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి, రాముడి పాదాల కింద కొండగా నిలిచాడు. గుళ్ళో ఒక బండను భద్రుడి శిరస్సని భక్తులు కళ్ళకద్దుకుంటారు. పర్ణశాలలో, ఇక్కడికి 35 కిలోమీటర్ల ఎగువన, వాగు దగ్గరి బండల మీద రంగు చారలున్నాయి. సీతమ్మ చీర ఆరేసిన గుర్తులవి. దుమ్ముగూడెం పేరులో ఉన్న దుమ్ము, రాముడి బాణాలకు మాడిన రాక్షస సేన బూడిదట. బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలిసే కిన్నెరసాని సరేసరి. విశ్వనాథ సత్యనారాయణ 'కిన్నెరసాని పాటలు' రాసిన తరువాత ఆ నీటిని ఉత్త వాగుగా చూడడం తెలుగువాడికి చేతకాదు. అత్తింట మనసు విరిగి అడవిలోకి నడిచిన కోడలు అక్కడే కరిగి ప్రవహించింది. ఆమె కోసం ఏడ్చిన మగడు రాయై నిలిచిపోయాడు.

రాయిలో, నీటిలో, ధూళిలో ఇన్ని చూసినవాళ్ళు తల పైకెత్తితే ఊరుకుంటారా?

అయితే రాతికి ఒక అదృష్టం ఉంది. అది కదలదు. ఇవాళ ఒకరు చూస్తారు, రేపు పదిమందికి చూపిస్తారు, పసుపు పూస్తారు, కొబ్బరికాయ కొడతారు, ఊరికి పేరు వస్తుంది. మబ్బుకు అంత వ్యవధి లేదు. జటాయువు కరకట్ట మీద మాకు కనిపించింది మహా అయితే రెండు నిమిషాలు. రాతి మీది పోలిక గడ్డకట్టి నమ్మకమైంది. మబ్బులోది గడ్డకట్టే లోపే పోతుంది. అందుకే అది ఇంకా తడిగా ఉంది, రసంగా ఉంది.

మబ్బుకు ఎవరూ గుడి కట్టలేదు గానీ, మబ్బే గుడి కడుతుంది. చంద్రుడి చుట్టూ వెలుగు వలయం కనబడితే మన పెద్దవాళ్ళు గుడి కట్టిందనేవారు. వరదగుడి అని దాని పూర్తి పేరు. గుడి అంటే గుండ్రన. 'కి', 'ని' అక్షరాల నెత్తిన మనం చుట్టే గుర్తు పేరు కూడా గుడే. ఖమ్మంలో మా పెరట్లో నులకమంచం మీద పడుకుని నాయనమ్మ వేలితో గాలిలో ఆ వలయం కొలిచేది. గుడి దూరంగా ఉంటే వాన దగ్గర, గుడి దగ్గరగా ఉంటే వాన దూరం అనేది. ఆ లెక్కలో ఎంత చూపు ఉందో పెద్దయ్యాక తెలిసింది. చంద్రుణ్ణి అంటుకున్నట్టుండే చిన్న వలయం నీటి చుక్కల మబ్బులో పుడుతుంది. దూరంగా, 22 డిగ్రీల ఎడంతో నిలిచే పెద్ద వలయం మంచు పలుకులతో నిండిన ఎత్తైన పల్చటి పొరలో పుడుతుంది. పెద్ద వానలకు ముందు తరచుగా వచ్చే పొర అది. నాయనమ్మకు మంచు పలుకుల సంగతి తెలియదు. వలయం ఎంత దూరమో చూసే తీరు తెలుసు.

మాటలు కూడా మనకు తక్కువేమీ లేవు. పాత తెలుగులో మొయిలు. తెలంగాణలో మొగులు. మబ్బు అన్న మాటకు ఇక్కడ తెల్లవారకముందటి చీకటి అని కూడా అర్థం ఉంది. "మబ్బుల లేచి పోయిండు" అంటే కోడి కూయకముందే బయలుదేరాడని. వెలుగు పూర్తిగా రాని, చీకటి పూర్తిగా పోని ఆ వేళకూ, ఆకారం వచ్చీ రాని ఆవిరికీ ఒకటే మాట వాడిన వాళ్ళ చెవికి నేను దండం పెడతాను.

శాస్త్రం ఏమీ వేరే దారిన రాలేదు. ల్యూక్ హోవార్డ్ అనే లండన్ మందుల వ్యాపారి 1802లో మబ్బులను జాతులుగా విడదీసి లాటిన్ పేర్లు పెట్టాడు. సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్. వాటి అర్థాలు చూడండి: ముంగురులు, కుప్ప, పరుపు పొర. ప్రపంచం ఇప్పటికీ వాడుతున్న ఆ వర్గీకరణకు పునాది మూడు పోలికలు.

పర్ణశాల వెళ్ళిన ప్రతిసారీ లేడి గుర్తుకొస్తుంది. సీతమ్మ బంగారు లేడిని చూసింది, లోపల ఉన్నది మారీచుడు. ఆలంకారికులు దీన్ని భ్రాంతి అంటారు, ఒకదాన్ని నిజంగానే ఇంకొకటిగా నమ్మడం. అలా నమ్మినచోట రసం పుట్టదు, యుద్ధం పుడుతుంది. కాళిదాసు యక్షుడిది ఇంకో తీరు. రామగిరి చరియను ఆనుకున్న ఆషాఢ మేఘం అతనికి గట్టును కుమ్మే ఏనుగులా తోచింది. అక్కడితో ఆగక దానికి పూలు పెట్టి, పెళ్ళానికి కబురు పంపాడు. విరహంలో ఉన్నవాడు గనుక చెల్లింది. మనం ఆ రెండు స్థితుల్లోనూ లేము. మబ్బులో లేడిని చూసి విల్లందుకున్న వాడు ఎవడూ లేడు. లేడి కాదని తెలుసు. తెలిసి కూడా లేడినే చూస్తాం.

ఈ చూపుకు ఏం పేరు? లేడిలా ఉంది అని తూకం వేసి చెబితే ఉపమ. లేడే అని ఖాయం చేస్తే రూపకం. మబ్బా లేడా అని తేల్చుకోలేకపోతే సందేహం. కరకట్ట మీద నిలబడ్డప్పుడు మనసు చేసే పని వీటిలో దేనికీ అమరదు. ఉత్ప్రేక్షకే దగ్గర. బళ్ళో ఉత్ప్రేక్షకు ఆనవాళ్ళుగా నేర్పిన మాటలు కొన్ని ఉన్నాయి: అనగా, అన్నట్లు, కాబోలు. కాబోలు! ఔననదు, కాదనదు, తేల్చమని అడగదు. తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టకుండా వదిలిన మాట. ఆకాశానికి సరిపోయే మాట తెలుగులో ఇదొక్కటే అని నాకు అనిపిస్తుంది.

దీన్ని ఇంకా లోతుగా తవ్వినవాడు శంకుకుడనే ఆలంకారికుడు. ఆయన గ్రంథం దక్కలేదు. అభినవగుప్తుడు 'అభినవభారతి'లో ఆయన మతాన్ని వివరించి ఖండించడం వల్ల మాట మిగిలింది. రంగస్థలం మీద నటుడిలో రాముణ్ణి చూస్తాం కదా, అది ఏ రకం జ్ఞానం అన్నది ప్రశ్న. శంకుకుడు బొమ్మలోని గుర్రాన్ని చూపించాడు. బొమ్మను చూసి గుర్రం అంటాం. అది నిజమైన తెలివి కాదు, పొరపాటు కాదు, అనుమానం కాదు, పోల్చి చూడడం కాదు. ఈ నాలుగింటికీ బయట ఇంకో చూపు ఉంది. చిత్రతురగ న్యాయమని దానికి పేరు.

మబ్బు గుర్రం ఆ బొమ్మ గుర్రానికి ఒక మెట్టు పైనే ఉంటుంది. బొమ్మకు గీసిన చెయ్యి ఉంది, ఆ చేతికి ఒక ఉద్దేశం ఉంది. ఆవిరికి ఏ ఉద్దేశమూ లేదు. వేడెక్కిన గాలి పైకి లేచి, చల్లబడి, ఒక ఎత్తుకు వచ్చేసరికి అందులోని ఆవిరి చుక్కలు కడుతుంది. ఆ ఎత్తు చుట్టుపక్కలంతా దాదాపు ఒకటే గనుక దూదిమబ్బుల అడుగు గీటు గీసినట్టు సమంగా ఉంటుంది. పైభాగం మాత్రం గాలి ఇష్టం. రంగూ వెలుగూ అక్కడివి, గీత మాత్రం మన కంటిలోది. చూసేవాడే చిత్రకారుడు. సహృదయుడు అన్న మాటను ఇంత అక్షరాలా నిజం చేసే కళ ఇంకోటి ఉందా?

సరే, మరి ఫోటో? పోయేదాన్ని నిలబెట్టడమే దాని పని. నిలిచిన పోలిక రాయవుతుందని పైన నేనే అన్నాను. ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్ళుగా కుదురుగా ఉండనివ్వడం లేదు.

ఆ సాయంత్రం పదకొండు ఫోటోలు తీశాను. కరకట్ట మీద పల్లీలు అమ్మే పిల్లవాడు వచ్చి "ఏం తీసిర్రు సార్?" అన్నాడు. ఏడో ఫోటో చూపించాను. రెక్క, మెడ, తెగిన భుజం, అన్నీ స్పష్టంగా ఉన్నది అదే. పక్షి అన్నాను. "ఏది సార్ పక్షి?" సెల్లు వాడి చేతిలో అటూ ఇటూ తిరిగింది, తలకిందులైంది. "ఆఁ, చేప!" అన్నాడు సంబరంగా. చూస్తే నిజంగానే చేప. ఈకలన్నీ తోకైపోయాయి. వాలిన మెడ మీది రెక్కయింది.

నాకు కోపం రాలేదు, తప్పు అర్థమైంది. పక్షిని పెద్దగా చూపించాలన్న ఆశతో జూమ్ చేసి నేలనంతా కత్తిరించాను. ఒడ్డు లేదు, చెట్టు లేదు, కిందా మీదా లేదు. ఆకాశాన్ని ఎవడూ తలకిందులు చేయలేడు, ఆకాశపు ఫోటోను ఎవడైనా చేస్తాడు.

ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ అనే ఫోటోగ్రాఫర్ కావాలనే నేలను వదిలేశాడు. 1922లో అమెరికాలో లేక్ జార్జ్ దగ్గర మబ్బులను తీయడం మొదలుపెట్టి, తరువాత ఆ వరుసకు 'ఈక్వివలెంట్స్' అని పేరు పెట్టాడు. అరచేతిలో ఇమిడే చిన్న నలుపు తెలుపు బొమ్మలు. చాలావాటిలో దిగంతం లేదు, ఏది పైనో ఏది కిందో చెప్పే ఆధారం లేదు. ఆయనకు పోలిక అక్కర్లేదు. తన మనసులోని భావానికి సరితూగే ఆకారం కావాలి. ఉపమానాన్ని వదిలి భావాన్ని మాత్రమే ఉంచుకున్నాడు. ఆ బొమ్మల ముందు నేను తలవంచుతాను. కానీ గోదావరి ఒడ్డున పుట్టిన చూపుకు ఆ దారి చాలదు. ఇక్కడి మబ్బుకు కింద ఒక తాటిచెట్టు ఉండాలి. తాటిచెట్టు ఉంటేనే ఎటపాక ఉంటుంది, ఎటపాక ఉంటేనే జటాయువు ఉంటుంది.

అందుకని ఏడోదాన్ని పక్కన పెట్టి మూడోదాన్ని దాచుకున్నాను. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలని ఉంది. ఫోటో అడుగున ఐదో వంతు నేల. అవతలి ఒడ్డు నల్లటి గీటు, దాని మీద మూడు తాటిచెట్లు. కుడి కొసన సారపాక కాగితం మిల్లు గొట్టం నుంచి లేచే తెల్లటి ఆవిరి. ఆ ఆవిరి పైకి పోయి నిజమైన మబ్బులా నటించడానికి చూస్తోంది. దాని పైన అసలు మబ్బు. మెడ ఇంకా వాలలేదు, ఒక ముడతగా మాత్రం ఉంది. ఎడమ భుజం తెగలేదు, పల్చబడుతోంది. ఎండ కుడినుంచి తగిలి రెక్క కాబోయే అంచును రాగి రంగులో తడిపింది. ముడత నీడ మాత్రం నీలిబూడిద. ఎవరికి చూపించినా ముందు ఏమీ కనిపించదంటారు. కాసేపు చూస్తారు. అప్పుడు వాళ్ళ కళ్ళ ముందే మెడ వాలుతుంది. కదలని కాగితం మీద మబ్బు కదలడం నేను చూసింది ఆ ఒక్క ఫోటోలోనే. ఏడోదానిలో పక్షి పూర్తయింది, చూసేవాడికి మిగిల్చిన పనేమీ లేదు. మూడోదానిలో ఆ పనంతా మిగిలి ఉంది.

వెలుగు విషయంలో కూడా ఇదే తూకం. 19వ శతాబ్దపు ఫోటోలు చూస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. అప్పటి పలకలు నీలి వెలుగుకు అతిగా స్పందించేవి. నేల సరిగ్గా పడితే ఆకాశం తెల్లబోయేది. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, మబ్బులను ఇంకో నెగటివ్ మీద తీసి రెంటినీ ఒకే కాగితం మీద కలిపి ముద్రించాడు. ఇవాళ సెల్లులో ఉండే హెచ్‌డీఆర్ కూడా వేర్వేరు వెలుగుల్లో తీసినవాటిని చెప్పకుండా కలిపేస్తుంది. మోతాదు మించితే మబ్బు అంచులు ఉలితో చెక్కినట్టు గట్టిపడతాయి. మళ్ళీ రాయే! నేను దాన్ని ఆపేసి, మబ్బులో అన్నిటికంటే తెల్లగా ఉన్నచోట వెలుగు కొలత పెట్టి తీస్తాను. నేల నల్లబడితే నల్లబడనీ, మబ్బు మెత్తదనం దక్కుతుంది.

ఇంటికొచ్చి పదకొండు ఫోటోలనూ వరుసగా చూస్తుంటే ఒక సంగతి బయటపడింది. పక్షి ఒళ్ళు కుడినుంచి ఎడమకు పోతోంది. ఈకలు ఎడమనుంచి కుడికి పోతున్నాయి. మళ్ళీ మళ్ళీ తిప్పి చూశాను. సందేహం లేదు, జటాయువు ఒక మబ్బు కాదు, రెండు.

వానాకాలంలో మన ఆకాశం రెండంతస్తుల ఇల్లు. కింది అంతస్తులో పడమటి గాలి నీటిమబ్బులను తూర్పుకు తోస్తుంది. పైన, దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు ఒక పెను గాలి నది పారుతుంది. దాన్ని 1950లలో లోకానికి పరిచయం చేసింది మన తెలుగు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఉరుము మబ్బుల నెత్తి నుంచి విడిపోయిన మంచు పలుకుల పీచును ఆ నది పడమరకు లాక్కుపోతుంది. మా పక్షి ఒళ్ళు కింది అంతస్తుది. దాని ఈకలు ఎన్నో కిలోమీటర్ల పైన ఉన్నవి. ఒకదానితో ఒకదానికి సంబంధమే లేని రెండు ప్రయాణాలు, ఎదురెదురుగా పోతూ, ఆ రెండు నిమిషాలు, ఆ కరకట్ట మీద నిలబడ్డ వాళ్ళ కంటికి మాత్రం ఒక రెక్కగా అతుక్కున్నాయి. ఎటపాకలో నిలబడి చూసినవాడికి ఆ రెక్క లేదు. ఈ లెక్క తెలిశాక పక్షి ఎగిరిపోతుందేమో అని భయపడ్డాను. ఇంకా దగ్గరికి వచ్చింది. అంత దూరాన ఉన్న రెంటిని కలిపి కుట్టింది కంకులు కాల్చే ఆమె చూపే గదా!

ఒక మాట చెప్పకపోతే ఈ ఊరికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2022 జూలైలో ఇక్కడ ఎవరూ మబ్బుల్లో ఏనుగులను వెతకలేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగుల దగ్గర. జూలై 16న గోదావరి 71.3 అడుగులకు లేచింది. 1986 ఆగస్టులో చూసిన 75.6 తరువాత అంతటి నీరు మళ్ళీ అదే. ఆ వారమంతా ఆకాశానికి అంచు లేదు. ఒకటే బూడిద పొర, పొద్దుకూ మాపుకూ తేడా చెప్పనిది. కంటికి పట్టు దొరికే ఒక్క మడత లేదు. పోలికలు పుట్టాలంటే మబ్బుకీ మబ్బుకీ మధ్య నీలం కావాలి. ఆ నీలం కోసం గుట్టల మీదికి, బళ్ళ వరండాల్లోకి చేరిన జనం ఎంతగా చూశారో. తెరిపిచ్చిన రోజు మొదటి దూదిమబ్బును వాళ్ళు చూసిన చూపులో ఉన్న రసానికి శాస్త్రంలో పేరు లేదు.

మర్నాడు మబ్బున లేచి చెర్ల దారి పట్టాను. రాత్రి మళ్ళీ వాన పడింది. దుమ్ముగూడెం దాటాక ఒక రేకుల షెడ్డు కింద బస్సు కోసం ఆగాను. ఎదురుగా అడవి గుట్టలు, టేకూ ఇప్పా తునికీ కలిసి కడిగినట్టున్నాయి. వాటి మీంచి తెల్లటి పోగులు లేస్తున్నాయి, ఒక్కో లోయ నుంచి ఒక్కోటి. అడవి నేలా ఆకులూ వదిలిన చెమ్మ అక్కడికక్కడే మబ్బు కడుతుంది. 2017లో ప్రపంచ వాతావరణ సంస్థ తన మేఘాల అట్లాసును కొత్తగా వెలువరించినప్పుడు వీటికి ఒక ప్రత్యేకమైన పేరు ఇచ్చింది, సిల్వాజెనిటస్. అడవి కన్నది అని అర్థం. మిల్లు ఆవిరిలాంటి మనిషి చేతి మబ్బులకు కూడా అదే పుస్తకంలో వేరే పేరు ఉంది. పేరు బాగుందనుకుంటూ సెల్లు తీశాను. ఈసారి గుట్టల పాదం నుంచి మొదలుపెట్టి, షెడ్డు రేకు అంచు నుంచి కారే నీటి బొట్లను కూడా చోటిచ్చి పట్టాను.

పక్కన చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ముసలాయన నా తెర వైపు చూడలేదు. గుట్టల వైపే చూస్తున్నాడు.

"గుట్టలు పొయ్యి రాజేసినయి," అన్నాడు.

ఎన్ని ఇళ్ళు ఉన్నాయా అని పోగులు లెక్కపెట్టాను. తొమ్మిది. ఒకటి మిగతావాటికి ఎడంగా, వాగు మలుపు దగ్గర, నిటారుగా లేస్తోంది. ఎక్కడో కోడళ్ళు తడి కట్టెలతో అవస్థ పడుతున్నట్టు ఒకచోట మరీ దట్టంగా ఉంది. ఇంతలో తూర్పున మబ్బు చీలి ఎండ గుట్ట నెత్తిన పడింది. పోగులు పైనుంచి సన్నబడుతూ వచ్చాయి. ఎనిమిది, ఆరు, మూడు.

"వంటయిపాయె," అంటూ ఆయన కర్ర ఊతంగా లేచాడు. చెర్ల బస్సు హారన్ మలుపులో వినబడింది.